అడిగితే ఇచ్చిన వీపు

వైరోరో గ్రామంలో ఇనోకే పతకం గురించి తెలియని మనిషి లేడు. అది ఎందుకు వచ్చిందో సరిగ్గా తెలిసినవాళ్ళు మాత్రం ఇద్దరే. ఒకడు ఇనోకే. రెండోవాడు అఖాతానికి ఆవలి ఒడ్డున, నుకుసేరే గ్రామంలో ఉండే కితియోనే. ఇనోకే ఆ సంగతి పదేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. కితియోనే పదేళ్ళుగా అందరికీ చెబుతూనే ఉన్నాడు గాని, నుకుసేరేవాడి మాటను సాక్ష్యంగా తీసుకునే అలవాటు వైరోరోలో లేదు.

రెండూళ్ళ మూలపురుషులూ ఒకే దైవానికి మొక్కినవాళ్ళు కావడం వల్ల, తాతముత్తాతల కాలం నుంచీ ఊరికి ఊరు బావల వరస. వైరోరోవాడు నుకుసేరే వెళితే ఎవరి ఇంట్లోనైనా కంటికి నచ్చినది అడగకుండా పట్టుకుపోవచ్చు; వాళ్ళు ఇక్కడికి వచ్చినా అంతే. పోగొట్టుకున్నవాడు తిట్టవచ్చు, వెక్కిరించవచ్చు, మరుసటి వారం వెళ్ళి రెట్టింపు పట్టుకురావచ్చు. కోపగించుకోవడానికి మాత్రం వీల్లేదు. ఈ నియమాలు ఎక్కడా రాసి లేవు. రాసి ఉన్న చట్టాలకన్నా వీటిని ఎక్కువమంది పాటించడానికి బహుశా అదే కారణం.

ఇక కెరెకెరె అనేది బావలకే కాదు, అందరికీ వర్తిస్తుంది. ఆ మాట అని ఏదైనా అడిగినప్పుడు, ఉన్నవాడు లేదనకూడదు. ఈ నియమాన్ని అక్షరాలా పాటించే మనిషి ప్రతి ఊళ్ళోనూ ఒకడుంటాడు. వైరోరోలో వాడు ఇనోకే. మలయా యుద్ధం నుంచి తిరిగివచ్చిన వారంలోనే సైన్యమిచ్చిన బూట్లను పాస్టరుగారు అడిగారు, కోటును గ్రామపెద్ద సకియూసా అడిగాడు, దుప్పటిని ముగ్గురు అడిగితే మూడు ముక్కలు చేసి ఇచ్చాడు. పదేళ్ళు గడిచేసరికి ఆ యుద్ధం తాలూకు వస్తువుల్లో అతని దగ్గర మిగిలినవి పతకమూ, చలిజ్వరమూ మాత్రమే. ఆ రెండింటినీ ఎవరూ అడగలేదు.

పతకంతో పాటు వచ్చిన కాగితం అద్దంలో బిగించి గోడకు ఉండేది. శత్రువుల కాల్పులను లెక్కచేయక, ప్రాణాపాయాన్ని తలచుకోక, గాయపడిన సహచరుణ్ణి నూట ఇరవై గజాల దూరం వీపున మోసుకువచ్చిన కార్పొరల్ ఇనోకే ధైర్యాన్ని మహారాణి మెచ్చుకున్నారని అందులో ఉంది. ఆ అడవి ఎవరిదో, అక్కడివాళ్ళు ఎందుకు తిరగబడ్డారో, వాళ్ళను అణచడానికి వేల మైళ్ళ దూరంలో చేమదుంపలు పండించుకునేవాళ్ళు ఎందుకు వెళ్ళవలసి వచ్చిందో లేదు. ఇనోకేను అడిగితే పెద్దలు వెళ్ళమన్నారు గనుక వెళ్ళామనేవాడు. పెద్దలను అడిగితే మహారాణి అడిగింది గనుక పంపామనేవారు. అంత పెద్ద సామ్రాజ్యం కూడా చివరికి కెరెకెరె మీదనే నడిచిందన్నమాట.

పతకం ఆ కాగితం పక్కనే ఒక మేకుకు వేలాడేది. ఆదివారాలు గాలి ఎక్కువగా ఉన్నప్పుడు ఇనోకే భార్య మెరేసేయినీ స్తోత్రాల పుస్తకం పుటలు ఎగరకుండా దాన్ని బరువుగా పెట్టేది. దానివల్ల అంతకుమించిన ప్రయోజనం ఉంటుందని ఎవరూ అనుకోలేదు, కమిషనర్ దొర ఉత్తరం వచ్చేదాకా.

అఖాతానికి ఒక నర్సు మంజూరైందనీ, రెండూళ్ళలో ఆమెను ఎక్కడ ఉంచాలో గురువారంనాడు స్వయంగా వచ్చి నిర్ణయిస్తాననీ దొర రాశాడు. మొదట నుకుసేరే, మధ్యాహ్నం వైరోరో.

నర్సు విషయంలో ఆ ఊరికి వేళాకోళం లేదు. అంతకుముందు ఏడాది సకియూసా కోడలికి నొప్పులు వస్తే పడవలో ఆసుపత్రికి బయలుదేరారు. పగడపు దిబ్బ దగ్గరికి వచ్చేసరికి ఆటు. పడవ పోటు కోసం ఆగింది. బిడ్డ ఆగలేదు, దక్కనూ లేదు. ఆ పడవకు తెడ్డు వేసినవాడు ఇనోకే. ఇప్పుడు అతని కూతురు వసేమాకు ఏడో నెల. నుకుసేరే కంటికి కనిపించేంత దగ్గరే గాని, ఆటు సమయంలో అఖాతమంతా బురద. పడవ సాగదు, కాలు నిలవదు. కాన్పు వచ్చే గంట ఎవరి చేతిలోనూ ఉండదు గనుక, నర్సు తమ ఒడ్డునే ఉండాలని ఇనోకే మనసులో గట్టిగా పట్టుకున్నాడు.

బుధవారం సాయంత్రం ఊరంతా యంగోనా పాత్ర చుట్టూ కూర్చుంది. వేరు దంచి కలిపిన ఆ నీళ్ళు కొబ్బరిచిప్పతో ఒకరి తరువాత ఒకరు తాగితేగాని అక్కడ ఏ తీర్మానమూ చెల్లదు. సకియూసా తన వంతు తాగి మూతి తుడుచుకున్నాడు.

"ఇనోకే అడగాలి. దొరలిచ్చిన బిళ్ళ రొమ్ము మీద పెట్టుకుని కెరెకెరె అంటే, ఏ దొర కాదంటాడో చూస్తాను."

"నాకు మాట్లాడడం రాదు పెద్దయ్యా," అన్నాడు ఇనోకే.

"నిన్ను మాట్లాడమన్నదెవరు? బిళ్ళ మాట్లాడుతుంది. నువ్వు దాని వెనక నిలబడు."

ఇనోకే ఇంటికి వచ్చి గోడ వైపు చూశాడు. కాగితం ఉంది.

"మెరే, మేకుకి ఉండాల్సింది ఏది?"

"మేకు ఉందిగా. చూసుకో."

"మేకు సంగతి కాదు నేనడిగేది."

మెరేసేయినీ చేప పొలుసు గీకడం ఆపలేదు. "శనివారం నువ్వు తోటకి పోయినప్పుడు కితియోనే అన్నయ్య వచ్చాడు. నాలుగు దుంపలు, ఒక చేప పూర్తిగా తిన్నాడు. కొబ్బరిపాల గిన్నె నాకాడు. పతకం చొక్కాకి గుచ్చుకుని పోయాడు. దొర వస్తున్నాడట కదా చెల్లెమ్మా, మా బావకి నోరు పెగలదు, వాడి కష్టం నేను తగ్గిస్తున్నానని చెప్పు అన్నాడు."

"నువ్వు చూస్తూ ఊరుకున్నావా?"

"ఊరుకోలేదు. పంది మెడలో గంటలా ఉందన్నాను. అంతకన్నా ఏం చెయ్యను, వరస అలాంటిది."

"నాలుగు రోజులైంది. చెప్పలేదేం?"

"నాలుగు రోజులుగా నువ్వు ఆ గోడ వైపు చూడలేదేం?"

గురువారం తెల్లవారి పోటు రాగానే భార్యాభర్తలిద్దరూ పడవ ఎక్కారు.

నుకుసేరేలో దారికి ఇరువైపులా సున్నం వేసిన రాళ్ళు, గుంజలకు పూలదండలు. ఇంటి ముందు మొగలాకు చాప మీద కితియోనే కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు. కుడి పిక్క మీద రెండు తూటాల మచ్చలు ఎండకు మెరుస్తున్నాయి. తెల్లచొక్కా, దాని మీద పతకం. చొక్కా తెలుపు ఐదు రోజుల కిందటిది.

"రా బావా, ఆలస్యం చేశావు. పడవ నువ్వు నడిపావా, మా చెల్లెమ్మ నడిపిందా?"

"పతకం ఇటు తే."

"అదేం మాట. ఇంట్లో ఏది కావాలంటే అది పట్టుకుపో. చాప పట్టుకుపో, కుండ పట్టుకుపో. మా పెద్దమ్మ కూడా ఇంట్లోనే ఉంది."

"నన్ను పట్టుకుపోయేవాడు రోజుకో చేప పెట్టాలి," అంది లోపలినుంచి అకనీసి. ఎనభై ఏళ్ళు దాటిన ఆ ముసలామె చెప్పింది రెండూళ్ళకూ తీర్పు. "ఇనోకే, నీ పెళ్ళానికి చెప్పు, వీడికి ఇంకో చేప పెట్టొద్దని. చొక్కా విప్పడం లేదు. పడుకున్నా దానితోనే, స్నానానికీ దానితోనే. ఈగలు కూడా దూరంగా ఉంటున్నాయి."

"పతకం నాది పెద్దమ్మా. దాని అంచున నా పేరు చెక్కి ఉంది. నేను తీసుకుపోతాను."

"ఇంట్లో ఉంటే తీసుకుపోదువు. వాడి ఒంటి మీద ఉంది. ఒంటి మీదిది లాగితే దాన్ని బావ వరస అనరు నాయనా, దోపిడీ అంటారు."

"విన్నావుగా," అన్నాడు కితియోనే, ఎంతో సానుభూతితో. "ఇక ఒక్కటే దారి. అడుగు. కెరెకెరె అను. ఈ నిమిషంలోనే ఇచ్చేస్తాను."

తనది కానిదాన్నే ఎవరైనా అడుగుతారు. అడిగితే అది కితియోనేదని నలుగురి ముందు ఒప్పుకున్నట్టు. పదేళ్ళుగా ఆ ఒప్పుకోలు కోసమే ఈ మనిషి అఖాతం దాటి వచ్చి తన ఇంట్లో చేపలు తింటున్నాడని ఇనోకేకు తెలుసు.

"సరే, న్యాయంగానే మాట్లాడుకుందాం," అన్నాడు కితియోనే. చుట్టూ జనం చేరారు. అతనికి కావలసిందీ అదే. "ఆ రోజు ఆ వాగు దగ్గర నేను పడిపోయానా?"

"పడ్డావు."

"నువ్వు ఎటు పోతున్నావు?"

ఇనోకే చాప అంచు వైపు చూశాడు. "వెనక్కి."

"నడుస్తూనా?"

"పాకుతూ."

"అప్పుడు నేనేమన్నాను?"

ఇనోకే చాప పోగు ఒకటి పీకాడు.

"నేను చెబుతాను వినండి. కెరెకెరె బావా, నీ వీపు ఇవ్వు అన్నాను. అడిగానా లేదా?"

"అడిగావు."

"లేదనే వీలుందా నీకు?"

"వీపు ఉంది కదా. లేదని ఎలా అంటాను."

"చూశారా. అడిగింది నేను. తూటాలు తిన్న కాలు నాది. అడిగేవాడు లేకపోతే ఇచ్చేవాడు ఎక్కడినుంచి వస్తాడు? దొరలు సగమే చూసి మొత్తం వీడికిచ్చారు."

"మోసింది నా కాళ్ళు," అన్నాడు ఇనోకే. "దారి పొడుగునా నువ్వు మెల్లగా, మెల్లగా అని నా చెవిలో అరుస్తూనే ఉన్నావు. కాల్పులకన్నా అదే ఎక్కువ వినబడింది."

జనం నవ్వారు. కితియోనే కూడా నవ్వాడు. అప్పుడే రేవు నుంచి శంఖం మోగింది. దిబ్బ సందులోంచి కమిషనర్ మోటారు పడవ తెల్లగా లోపలికి వస్తోంది.

ఇనోకే ఆవలి ఒడ్డు వైపు చూశాడు. ఇంత దూరం నుంచి మనుషులు ఆనరు గాని, తమ ఇంటి కప్పు మీది పొగ ఆనుతుంది. వసేమా పొయ్యి ముట్టించింది. కిందటేడాది దిబ్బ దగ్గర పడవలో తాను ఎన్ని గంటలు తెడ్డు పట్టుకుని ఊరికే కూర్చున్నాడో గుర్తుకు వచ్చింది. అతను చాప మీద మోకాళ్ళ మీద కూర్చుని, అడిగేటప్పటి ఆచారం ప్రకారం చేతులు దొప్పలుగా చేసి మూడుసార్లు చప్పట్లు కొట్టాడు.

"కెరెకెరె బావా. ఆ పతకం ఇవ్వు."

ఎవరూ నవ్వలేదు. పదేళ్ళు ఎదురుచూసిన మాట చెవిన పడేసరికి కితియోనేకు ఏం చెయ్యాలో తోచలేదు. పిన్ను విప్పబోయాడు. ఐదు రోజుల స్నానాలకు అది తుప్పు పట్టి చొక్కాకు అతుక్కుపోయింది. చివరికి అకనీసి వచ్చి, గుడ్డ కొంచెం చింపి, పతకం ఊడదీసి ఇనోకే రొమ్మున గుచ్చింది.

విషయం అక్కడితో ముగిసి ఉంటే కితియోనే కితియోనే కాడు.

"ఇప్పుడు నా వంతు," అన్నాడు, గొంతు సవరించుకుని. "కెరెకెరె బావా. ఆ పతకంతో దొర ముందు నిలబడి, మా నుకుసేరేకి నర్సునివ్వమని అడుగు."

మెరేసేయినీ లేచి నిలబడింది. "నీ రెండో కాలికి కూడా తగలాల్సింది అన్నయ్యా. అప్పుడు ఈయన మోసేవాడు కాదు, బరువు చూసి వదిలేసేవాడు."

"తిట్టు చెల్లెమ్మా, తిట్టు. తిట్లు ఎన్నైనా పడతాను."

ఇనోకే రొమ్ము మీది పతకం సరిచేసుకున్నాడు. నోరు ఉంది కదా; లేదని ఎలా అంటాడు.

కమిషనర్ దొర ఆ దీవుల్లో పన్నెండేళ్ళుగా ఉన్నవాడు. చాప మీద కూర్చోగలడు, యంగోనా ఒక్క గుక్కలో తాగగలడు. వారి భాష మాట్లాడగలడు గాని, ఏ మాట వెనక ఏముందో మాత్రం ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాడు. మర్యాదలు ముగిశాక అతని చూపు ఇనోకే రొమ్ము మీద ఆగింది.

"ఈ పతకం ఊరికే ఇవ్వరు. ఏం చేశారు మీరు?"

ఇనోకే ఈసారి గోడమీది కాగితం చెప్పినట్టు చెప్పలేదు. "నేనేం చెయ్యలేదు దొరా. పారిపోతున్నాను. ఇతను నా వీపు అడిగాడు. ఇచ్చాను."

దొర దాన్ని వినయమనుకుని తల ఊపాడు. అతని గుమాస్తా పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. నుకుసేరేవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కితియోనే నేల వైపు చూశాడు.

"ఇప్పుడు నేను అడుగుతున్నాను దొరా. కెరెకెరె. నర్సుని..." అంటూ ఇనోకే ఆవలి ఒడ్డు వైపు చూశాడు. మెరేసేయినీ కళ్ళు మూసుకుంది. "నర్సుని నుకుసేరేకి ఇవ్వండి. ఆమె ఈ ఊరి మనిషిగా ఉండాలి. ఆమెకిచ్చే మందుల బీరువా ఈ ఊరి సొత్తు కావాలి."

సొత్తు అన్న మాట దగ్గర అతను ఆగాడు. ఆ మాటను అతను ఆలోచించి వాడలేదు. నోటినుంచి వచ్చాక మాత్రం, వల లాగుతున్నవాడికి చేతికి బరువు తగిలినట్టు, ఏదో తగిలింది. అతను తలెత్తి భార్య వైపు చూశాడు. మెరేసేయినీ కళ్ళు తెరిచింది. మొదట అర్థం కాలేదు, అర్థమయ్యాక పెదవి కొరుక్కుని తల దించేసుకుంది.

మాట్లాడడం రాని ఇనోకే ఆ తరువాత మాట్లాడిన తీరు ఆ అఖాతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"కాన్పుల మంచం కూడా ఇవ్వండి. రెండు ఇవ్వండి. అన్నీ నుకుసేరే పేరునే రాయండి. పసిపిల్లల్ని తూచే తక్కెడ నుకుసేరేకి ఇవ్వండి. పెద్ద దీపం ఒకటి. వాన నీళ్ళు పట్టే రేకు తొట్టి. ఇంజిన్ ఉన్న పడవ కూడా ఉంటే మంచిది దొరా, అదీ నుకుసేరేకే."

"చాల్లే బావా," అన్నాడు కితియోనే, అతను నడుముకు చుట్టుకున్న సులు గుడ్డ అంచు పట్టుకు లాగుతూ. పడవ అన్న మాట దగ్గర అతనికి విషయం తెలిసింది. అకనీసికి మంచం దగ్గరే తెలిసింది; ఆమె చెంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది.

"మీ ఊరికి ఏమీ అడగరా?" అన్నాడు దొర, ఆశ్చర్యంగా.

"మా ఊరికి ఏమీ వద్దు దొరా. మా బావల దగ్గరుంటే చాలు."

దొర కదిలిపోయాడు. పతకం ఇచ్చినవాళ్ళు పొరబడలేదని గుమాస్తాతో అన్నాడు. మధ్యాహ్నం వైరోరో వెళ్ళవలసిన పని లేదని తేల్చి, పోటు ఉండగానే వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం వైరోరోలో సకియూసా ఇనోకే చెప్పింది రెండుసార్లు విన్నాడు. మొదటిసారి విన్నాక కర్ర కోసం వెతికాడు. రెండోసారి విన్నాక యంగోనా కలపమన్నాడు.

ఐదు వారాలకు నర్సు వచ్చింది. పేరు ఉనైసి, వేరే దీవి మనిషి, ఎవరికీ ఏ వరసా కానిది, ముప్పై ఏళ్ళది, చేతిగడియారం చూడకుండా ఏ మాటా అనదు. అడిగినవన్నీ ఆమెతో పాటు వచ్చాయి. శనివారం పోటుకు వైరోరో నుంచి మూడు పడవలు బయలుదేరి మంచాలు, బీరువా, తక్కెడ, దీపం, తొట్టి ఎక్కించుకుని, ఇంజిన్ పడవను వెనక కట్టుకున్నాయి. నుకుసేరేవాళ్ళు ఒడ్డున నిలబడి ఆచారం ప్రకారం తిట్టారు. ఒకరిద్దరు బీరువా ఎత్తడానికి చెయ్యి కూడా వేశారు.

ఉనైసిని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. మనిషి ఎవరి సొత్తూ కాదన్న సంగతి ఆ మూడు పడవల్లోకీ ఒక్క మెరేసేయినీకే తట్టింది. ఆమె దిగి వచ్చి చేతులు దొప్పలు చేసి చప్పట్లు కొట్టింది.

"కెరెకెరె అమ్మా. మీరూ రండి. రానంటే బీరువా దింపేస్తాం."

ఉనైసి గడియారం చూసుకుంది. "వచ్చే శనివారం వీళ్ళు వచ్చి పట్టుకుపోతారా?"

"పట్టుకుపోకపోతే మాకే అవమానం."

"అయితే వారం ఇక్కడ, వారం అక్కడ. బీరువా తాళం నా దగ్గరుంటుంది. సీసా పగిలితే పగలగొట్టినవాడికే సూది," అని ఆమె మంచం మీద కూర్చుంది. మంచంతో సహా పడవలోకి ఎక్కించారు.

కార్యాలయం నుంచి రెండు వారాలకు ఒక ప్రశ్న వచ్చింది: నర్సు నివాసం మారడానికి అనుమతి ఇచ్చినది ఎవరు? దానికి "అడిగారు" అని ఉనైసి ఒక్క మాట రాసి పంపింది. ఆ తరువాత ప్రశ్నలు రాలేదు.

వసేమాకు నొప్పులు ఒక మంగళవారం పట్టపగలు, అఖాతంలో నీటిచుక్క లేనప్పుడు మొదలయ్యాయి. అది వైరోరో వారం; ఉనైసి మంచాన్నీ తక్కెడనూ ఇనోకే ఇంటికి తెప్పించింది. ఇనోకే బయట అరుగు మీద కూర్చుని, బురద వైపు చూస్తూ, తెడ్డు లేని చేతులను ఏం చెయ్యాలో తెలియక పతకాన్ని తిప్పుతున్నాడు. లోపల బిడ్డ ఏడ్చింది. ఇనోకే పతకాన్ని మళ్ళీ మేకుకు తగిలించి బిడ్డ దగ్గరికి వెళ్ళాడు.

పోటు రాగానే మొదట దిగినవాడు కితియోనే. బిడ్డను చూశాడు. ఆడపిల్ల. తాతలాగే మాట్లాడకుండా చూస్తోందన్నాడు. నాలుగు దుంపలు తిన్నాడు. పోయేటప్పుడు చాలాసేపు మేకు దగ్గర నిలబడ్డాడు.

అతను వెళ్ళాక ఇనోకే పరుగున వచ్చి చూశాడు. పతకం ఉంది. ఇనోకేకు మనసు చివుక్కుమంది. బావ వచ్చి వట్టి చేతులతో పోవడమంటే వరస తెగినట్టే. రేవు దాకా వెళ్ళి కేకేశాడు.

"ఏం బావా, మా ఇంట్లో నీకు నచ్చిందే లేదా?"

"అడిగి తీసుకున్నది నీ దగ్గరే ఉండనీ," అని పడవలోంచి కితియోనే అరిచాడు. "నువ్వు లోపలికి పోయి సరిగ్గా చూసుకో."

ఆ రోజు ఉనైసి తన పుస్తకంలో బిడ్డ పేరు, పుట్టిన వేళ, తల్లి క్షేమమన్న మాట వరసగా రాసింది. బరువు అన్న గడి మాత్రం శనివారం దాకా ఖాళీగానే ఉంది. దానికి ఎదురుగా కారణం రాయవలసిన చోట ఇలా ఉంది: తక్కెడను బావగారు పట్టుకుపోయారు.